వాస్తు చూపించారు, కాగితాలు చూపించారు... ఇల్లు ఎవరికి చూపించారు?

విజయపురి సౌత్ నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల వినపడే హోరు గేట్ల నీళ్ళది కాదు, ఇవాళ గేట్లు ఎత్తలేదు. అది ఉత్త గాలి. మైకులోకి దూరుతోంది, కాస్త సర్దుకోండి.

ఈ మధ్య మీలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మాచర్లలో ఒక ఇల్లు చూశాం, పదిపన్నెండేళ్ళ క్రితం కట్టింది, రేటు బాగానే ఉంది, ఏమేం చూసుకోవాలి?" అని. నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: ఇప్పటిదాకా ఏమేం చూశారు? జవాబు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఈసీ తీశాం. లింక్ డాక్యుమెంట్లు లాయర్ గారికి చూపించాం. సిద్ధాంతి గారిని తీసుకెళ్ళి వాస్తు చూపించాం. బ్యాంకు వాళ్ళు వచ్చి చూసుకున్నారు. సరే, ఇదంతా బాగుంది. మరి ఇల్లు? గోడ, స్లాబు, పిల్లరు, కరెంటు, నీళ్ళు, వీటిని ఎవరు చూశారు? "మా మామయ్య వచ్చి చూశాడన్నా, బాగుందన్నాడు."

మామయ్య మీద నాకు కోపం ఏమీ లేదు. కానీ ఆయన చూసింది హాలు ఎంత ఉంది, వంటిల్లు ఎటు ఉంది, కారు పడుతుందా అని. ఈశాన్యం పట్టుకోవడానికి దిక్సూచి తెచ్చుకుంటాం, స్లాబు కొట్టి చూడటానికి సుత్తి మాత్రం తెచ్చుకోం. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్తాం. నలభై వేల బండికి మెకానిక్ కావాలి, ముప్పై లక్షల ఇంటికి ఎవరూ అక్కర్లేదా?

ముందుగా బ్యాంకు సంగతి తేల్చేద్దాం, ఎక్కువమంది అక్కడే పొరబడతారు. "బ్యాంకు లోన్ ఇచ్చిందంటే ఇల్లు గట్టిదనే కదా?" కాదు. బ్యాంకు పంపించే వాల్యుయర్ మీ కోసం రాడు, బ్యాంకు కోసం వస్తాడు. ఫీజు మీ దగ్గరే తీసుకుంటారు, రిపోర్టు మాత్రం బ్యాంకు ఫైల్లోకి వెళ్తుంది. అందులో ఇంటికి మార్కెట్లో ఎంత వస్తుంది, రేపు మీరు వాయిదాలు కట్టకపోతే తొందరలో అమ్మితే ఎంత వస్తుంది అన్న అంకెలు ఉంటాయి. ఇంటి వయసు, ఇంకెన్నాళ్ళు నిలుస్తుందన్న అంచనా కూడా రాస్తారు. కానీ బాత్రూం పైకప్పు లోపల ఊచ తుప్పు పట్టిందా, ఎర్తింగ్ ఉందా అన్నది ఆయన పని కాదు. స్థలం విలువే అప్పుకి సరిపోయేలా ఉంటే, గోడ బీటలు బ్యాంకుకి పెద్ద బాధ కాదు. ఆ బీటల మధ్య ఇరవై ఏళ్ళు వాయిదా కడుతూ బతికేది మీరు.

ఇంకోటి, చట్టం. ఆస్తి బదిలీ చట్టం అని 1882 నాటిది, ఇప్పటికీ అదే నడుస్తోంది. దాని 55వ సెక్షన్ ఏమంటుందో మామూలు మాటల్లో చెబుతాను. ఇంట్లో ఏదైనా ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాళ్ళకి తెలిసి, కొనేవాళ్ళకి తెలియక, పైగా కొనేవాళ్ళు మామూలు శ్రద్ధతో చూసినా కనపడనిదైతే, అమ్మేవాళ్ళు దాన్ని చెప్పి తీరాలి. ఆ చివరి ముక్క మళ్ళీ వినండి. మామూలు శ్రద్ధతో చూసినా కనపడనిది. అంటే చూస్తే కనపడే లోపాన్ని మీరు చూడకపోతే, తర్వాత కోర్టుకెళ్ళి "ఆయన చెప్పలేదండీ" అంటే, "నువ్వు చూశావా?" అని అడుగుతారు. కొనే ముందు చూసుకోవడం మీ బాధ్యతే అన్నమాట.

కొత్త అపార్ట్‌మెంట్లకి వేరే రక్షణ ఉంది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పజెప్పిన 5 ఏళ్ళ లోపు నిర్మాణంలో లోపం బయటపడి, మీరు బిల్డర్‌కి తెలియజేస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. కానీ అది బిల్డర్ వేసిన ప్రాజెక్టులకి. మన మాచర్లలోనో, గురజాలలోనో, ఒకాయన తన కోసం కట్టుకుని పన్నెండేళ్ళు కాపురం ఉండి అమ్ముతున్న ఇంటికి రెరా ఏం చేస్తుంది? ఏమీ చేయదు. మనవైపు చేతులు మారేవి ఎక్కువగా ఇలాంటి ఇళ్ళే.

విజయపురి సౌత్ వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఈ ఊరు మామూలుగా పెరిగిన ఊరు కాదు. ఇక్ష్వాకుల రాజధాని పేరు పెట్టుకున్నాం గానీ, ఇప్పుడున్న ఊరు డ్యామ్ కోసం పుట్టింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశాక, పని కోసం వచ్చిన వాళ్ళతో కాలనీలు వెలిశాయి. అంటే ప్రాజెక్టు స్థలం, ప్రాజెక్టు క్వార్టర్లు. కాబట్టి ఇక్కడ ఎవరైనా "ఇల్లు అమ్ముతాను" అంటే గోడ తర్వాత, ముందు హక్కు ఎవరిదో చూడండి. నలభై ఏళ్ళుగా ఉంటున్నారు, కరెంటు బిల్లు వాళ్ళ పేరు మీద ఉంది, ఇంటి పన్ను కడుతున్నారు... ఇవన్నీ ఉన్నా హక్కు ఉన్నట్టు కాదు. ఉండటం వేరు, సొంతం కావడం వేరు. రిజిస్టర్ అయిన దస్తావేజు ఉందా, అది ఎక్కడి నుంచి మొదలైంది, లాయర్‌కి చూపించండి. అక్కడ తేడా ఉంటే నాలాంటివాడిని పిలవడం దండగ. హక్కు లేని ఇంటికి ఎంత గట్టి స్లాబు ఉంటే ఏం లాభం?

హక్కు బాగుంది అనుకుందాం. ఇక ఇంట్లోకి వెళ్దాం.

నేను సివిల్ డిప్లొమా చేశాను, ఇళ్ళు చూసి రిపోర్టు రాసివ్వడం కూడా నా పనిలో ఒక భాగం. ఇప్పుడు చెప్పేది పోయిన ఏడాది నేను చూసిన ఇల్లు. ఊరు చెప్పను, పేర్లు చెప్పను. కొనేది 27 ఏళ్ళ కుర్రాడు, హైదరాబాదులో ఉద్యోగం. అమ్మానాన్న ఇక్కడే అద్దె ఇంట్లో ఉంటారు, వాళ్ళ కోసం కొంటున్నాడు. ఇల్లు అతను వీడియో కాల్లో చూశాడు. అవును, వీడియో కాల్లోనే. బ్రోకర్ ఫోన్ పట్టుకుని గది గది తిప్పాడు, బ్రహ్మాండంగా కనిపించింది. పద్నాలుగేళ్ళ ఇల్లు, 32 లక్షలు చెప్పారు. బయానా ఇచ్చే రెండు రోజుల ముందు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఒకసారి చూసి రా, నాన్న మాటల్లో ఏదో అనుమానం వినిపిస్తోంది."

వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే కొత్త పెయింటు వాసన. ఇప్పుడు మీకొక మాట చెబుతాను, గుర్తుపెట్టుకోండి: అమ్మకానికి పెట్టిన ఇంటికి కొత్త పెయింటు ఉంటే సంతోషపడకండి, ఆగి చూడండి. అమ్మేవాళ్ళంతా మోసగాళ్ళని కాదు. ఇంటికొచ్చే చుట్టానికి కూడా మనం ఇల్లు ఊడ్చి చూపిస్తాం కదా, అలాంటిదే. కానీ పెయింటు కింద లప్పం ఉంటుంది, లప్పం కింద ఏముందో పెయింటు చెప్పదు.

అప్పుడు మీ ఫోన్ పనికొస్తుంది. పగలైనా సరే కిటికీలు మూసి, ఫోన్ టార్చ్ వేసి, దాన్ని గోడకి ఎదురుగా కాకుండా గోడకి ఆనించి పక్క నుంచి కొట్టండి. వెలుతురు గోడ మీద పాకుతూ వెళ్తుంది. అప్పుడు ఎక్కడ మాసిక వేశారో, ఎక్కడ ఉబ్బిందో నీడ పడి కనిపిస్తుంది. ఆ ఇంట్లో బాత్రూం పక్క గదిలో పైకప్పుకి అలా వెలుతురు వేస్తే, మంచమంత మేర కొత్త లప్పం అలలు అలలుగా తేలింది. నిచ్చెన ఎక్కి చిన్న సుత్తితో మెల్లగా తట్టాను. గట్టి స్లాబుని తడితే ఠంగుమని బిగువుగా మోగుతుంది. పట్టు వదిలేసిన చోట పగిలిన కుండని తట్టినట్టు డొల్లగా వస్తుంది. నాలుగడుగుల మేర డొల్ల.

అంటే ఏమైంది? పైన నీళ్ళ ట్యాంకు పైపు జాయింటు ఒకటి ఏళ్ళ తరబడి చుక్క చుక్క కారుతోంది. ఆ తడి స్లాబులోకి దిగి ఊచని తాకింది. ఇనుము తుప్పు పడితే చిక్కిపోతుంది అనుకుంటాం గానీ, నిజానికి ఆ తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల నుంచి కాంక్రీటుని తోస్తుంది. అందుకే పెచ్చులు ఊడతాయి. ఊడిన పెచ్చుల చోట లప్పం నింపి తెల్లగా పెయింటు వేశారు. వీడియో కాల్లో అది ధగధగా మెరిసింది.

నేను సుత్తి తీయగానే ఆ ఇంటి పెద్దామెకి కోపం వచ్చింది. "మా ఆయన దగ్గరుండి కట్టించిన ఇల్లయ్యా ఇది. పొద్దున్నే లేచి తనే నీళ్ళు కొట్టేవాడు గోడలకి. దాన్ని సుత్తి పెట్టి కొడతావా?" అంది. భర్త పోయాడు, కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి ఇల్లు అమ్ముతోంది. బ్రోకర్ ఇంకో పక్క: "ఏందయ్యా, నువ్వు ఇల్లు చూడటానికొచ్చావా, పడగొట్టడానికొచ్చావా? ఇట్టా చేస్తే ఎవరి ఇల్లూ అమ్ముడుపోదు." ఆమెకి నేను ఒకటే చెప్పాను: "పెద్దమ్మా, ఆయన కట్టింది బాగానే కట్టారు. పిల్లర్లు బాగున్నాయి, గోడలు నిటారుగా ఉన్నాయి. పైపు కారింది, అంతే. రండి, చూపిస్తాను." మేడ ఎక్కించి ఆ జాయింటు చూపించాను. చెయ్యి పెట్టి తడి చూసుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

రిపోర్టులో రాసింది ఇదీ: బాత్రూం, దాని పక్క గది స్లాబు కొంతమేర చెక్కి, తుప్పు గీకి, ఊచలకి పూత వేసి, మళ్ళీ కాంక్రీటు పట్టించాలి. రెండు సన్‌షేడ్లకి కూడా అదే. మెయిన్ బోర్డుకి ఎర్తింగ్ వైరు ఉంది గానీ అది ఎక్కడికీ వెళ్ళట్లేదు, గోడ దాటి ఆగిపోయింది. మొత్తం నా అంచనా రెండు లక్షల నలభై వేలు. పునాది, పిల్లర్లు, మిగతా స్లాబు బాగున్నాయి, కొనొచ్చు.

ఈ చివరి మాట కూడా రిపోర్టులో రాయాలి. తనిఖీ అంటే తప్పులు వెతికి బేరం చెడగొట్టడం కాదు. ఇంట్లో ఏది బాగుందో కూడా చెప్పాలి. ఆ కుర్రాడు కొన్నాడు. బేరంలో లక్షా అరవై వేలు తగ్గింది, మిగతాది అతనే పెట్టుకున్నాడు. బయానా ఇచ్చే ముందు తెలిసింది కాబట్టి తగ్గింది. రిజిస్ట్రేషన్ అయ్యాక పెచ్చులు ఊడితే ఎవరిని అడుగుతాడు?

కానీ నాకు ఇందులో ఎక్కువ బాధ కలిగించింది అమ్మిన ఆమె సంగతి. బ్రోకర్ సలహా మీద ఆమె పెయింట్లకి 70 వేలు ఖర్చు పెట్టింది. ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు నాలుగైదు వేలు పెట్టి ఎవరితోనైనా చూపించుకుని ఉంటే, ఆ 70 వేలు పెయింటుకి బదులు రిపేరు ఖర్చులో పావు వంతుకి పైగా వచ్చేవి. రిపోర్టు చేతిలో పెట్టుకుని "ఇదుగో, ఇది ఉంది, ఇది బాగుచేయించాను" అని చెప్పి తన రేటు తను అడిగేది. అదీగాక, ఆమెకి ఏ మోసం చేసే ఉద్దేశమూ లేకపోయినా, దాచి అమ్మినట్టు నిలబడాల్సి వచ్చింది. కాబట్టి అమ్మేవాళ్ళారా, మీ అమ్మానాన్న ఇల్లు అమ్ముతుంటే వాళ్ళకి ఈ మాట చెప్పండి. తనిఖీ కొనేవాళ్ళ పని మాత్రమే అనుకోకండి.

ఇప్పుడు పగుళ్ళ గురించి. ఎక్కువమంది భయపడేది వీటికే, అందులో సగం భయం అనవసరం. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నగా, సాలెగూడులా అల్లుకున్నవి చాలావరకు సిమెంటు పూత ఆరేటప్పుడు వచ్చినవే. పిల్లరుకీ ఇటుక గోడకీ మధ్య నిలువుగా గీత గీసినట్టు ఉంటే, రెండు వేరు వేరు పదార్థాలు కలిసిన చోటు అది, ఎక్కువసార్లు ప్రమాదం లేదు. కిటికీ మూల నుంచో, గుమ్మం మూల నుంచో ఐమూలగా వెళ్ళే పగులు చూస్తే మాత్రం ఆగండి. ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగే పగులుంటే ఇంకా గట్టిగా ఆగండి, పునాది ఒకవైపు దిగుతోందేమో. బీము కిందో, స్లాబు కిందో ఊచ వెళ్ళిన దారిలోనే పొడుగ్గా పగులుంటే అది లోపలి తుప్పు. జేబులో ఏటీఎం కార్డు ఉంది కదా, దాని మందం సుమారు ముప్పాతిక మిల్లీమీటరు. పగుల్లో కార్డు అంచు దూరిందంటే మీ మామయ్యతో ఆగకుండా ఇంజనీరును పిలవండి.

మన పల్నాడులో పునాది మాట వస్తే నేల మాట రావాలి. సాగర్ చుట్టూ రాతి నేల, కొండ వాలు. వాలు మీద సగం తవ్వి సగం మట్టి నింపి చదును చేసిన స్థలంలో ఇల్లు కడితే, ఒక సగం రాయి మీద, ఒక సగం నింపిన మట్టి మీద కూర్చుంటుంది. మట్టి దిగుతుంది, రాయి దిగదు. ఇంకొంచెం కిందికెళ్తే నల్లరేగడి. ఎండాకాలం ఆ చేలల్లో నెర్రెలు చూశారా, చెయ్యి పడుతుంది. వాన పడగానే అదే నేల ఉబ్బుతుంది. ఏటా ఉబ్బి ఏటా ముడుచుకునే నేల మీద నిస్సారమైన పునాది వేస్తే, ఇల్లు కూడా ఏటా కదులుతుంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో మన తెలుగువాళ్ళు డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల ఎంతమంది ఇళ్ళు కొన్నారో మీకు తెలుసు. అక్కడ కూడా నల్లరేగడి లాంటి నేలే, అచ్చం ఇలాగే ఉబ్బి ముడుచుకుంటుంది. పునాదుల గొడవ అక్కడ పెద్ద గొడవ. అందుకని టెక్సస్‌లో ఇల్లు కొనేవాళ్ళు ఒప్పందంలోనే కొన్ని రోజుల గడువు కొనుక్కుంటారు, దానికి విడిగా కొంత డబ్బు కడతారు. ఆ రోజుల్లో లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇల్లంతా చూసి ఫోటోలతో రిపోర్టు ఇస్తాడు. నచ్చకపోతే కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడే, ఇక్కడ నాన్నగారి కోసం ఇల్లు కొంటే ఎవరికీ చూపించడు, అక్కడ కొంటే ఇన్‌స్పెక్టర్ లేకుండా కదలడు. అయితే అక్కడ కూడా కరోనా తర్వాత ఇళ్ళకి గిరాకీ విపరీతంగా పెరిగినప్పుడు, బేరం పోతుందన్న భయంతో చాలామంది తనిఖీ వదులుకుని కొన్నారు. తొందర పెట్టేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారు.

మనకి అలాంటి లైసెన్సు పద్ధతి లేదు. హైదరాబాదు, బెంగళూరు లాంటి చోట్ల ఇదే పని చేసే కంపెనీలు వచ్చాయి, తేమ కొలిచే మీటర్లు, వేడి చూపించే కెమెరాలు తెస్తారు. ఇక్కడ అవి అక్కర్లేదు. సైట్ల మీద పదేళ్ళు పనిచేసిన సివిల్ ఇంజనీరు ఒకరు, ఒక పూట ఎలక్ట్రీషియన్, చాలు. మేస్త్రి అయినా పర్వాలేదు, పాతకాలం మేస్త్రి గోడని తట్టి చెప్పేది మీటరు కూడా చెప్పలేదు. ఒక్క షరతు: అతను బ్రోకర్ తెచ్చిన మనిషి కాకూడదు, అమ్మేవాళ్ళ చుట్టం కాకూడదు. ఫీజు మీరు ఇవ్వాలి, అదీ ఇల్లు కొన్నా కొనకపోయినా ఇవ్వాలి. "కొంటేనే ఇస్తా" అంటే అతని నోటికి మీరే తాళం వేసినట్టు. ఇంకా ముఖ్యం, చూసి చెప్పినవాడికే రిపేరు పని ఇవ్వకండి. ఇస్తారని తెలిస్తే రిపేర్లు వాటంతటవే పెరుగుతాయి. నేను కూడా నేను చూసిన ఇంటి పని తీసుకోను.

మాట్లాడితే చాలదు, రాసి ఇమ్మనండి. ఫోటో, చోటు, ఏం చేయాలి, ఎంత అవుతుంది. నోటితో "కొంచెం చెమ్మ ఉంది అంతే" అంటే దానితో బేరం ఆడలేరు. అగ్రిమెంట్ రాసేటప్పుడు కూడా ఒక వాక్యం పెట్టించండి: ఫలానా తేదీ లోపు ఇంజనీరు తనిఖీ చేస్తాడు, నిర్మాణంలో పెద్ద లోపం తేలితే బయానా వాపసు ఇవ్వాలి అని. "మనలో మనకి కాగితాలెందుకు అబ్బాయ్" అంటారు. మనలో మనకి కాబట్టే రాసుకుందాం అనండి, రేపు ముఖాలు చూసుకోవాలి కదా.

మేడ మీద కూడా ఒక పరీక్ష ఉంది. ఇల్లు చూడటానికి మంచి కాలం వానాకాలం. మంచి వాన పడ్డ మర్నాడు వెళ్ళండి, ఇల్లు తన జాతకం తనే చెప్పుకుంటుంది. ఎండాకాలంలో కొంటుంటే, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే, మేడ మీద నీళ్ళు పోయే గొట్టాలు మూసి రెండంగుళాల నీళ్ళు ఒక రోజు నిలబెట్టి చూడండి. స్లాబు ఇప్పటికే బలహీనంగా ఉందని అనుమానం ఉంటే మాత్రం ఆ పని ఇంజనీరును అడక్కుండా చేయకండి.

బోరు నీళ్ళు తప్పకుండా పరీక్ష చేయించండి. పల్నాడులో చాలా ఊళ్ళల్లో ఫ్లోరైడ్ బాధ ఉందన్నది మీకు కొత్త కాదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా అని మన దేశ ప్రమాణం. నీళ్ళు తేటగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి అంటే సరిపోదు, ఫ్లోరైడ్‌కి రుచీ రంగూ ఉండవు. ఇంటికి అందంగా "బోరు ఉంది" అని చెబుతారు. ఏ నీళ్ళో చెప్పరు.

కరెంటు గురించి ఒక్క మాట. బోర్డు తీయించి ఎర్తింగ్ వైరు నిజంగా భూమిలోకి వెళ్ళిందా చూడండి, షాక్ కొడితే క్షణంలో కట్ చేసే ఆర్‌సీసీబీ ఉందా చూడండి. 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. గీజరు, వాషింగ్ మెషీన్ ఉన్న ఇంట్లో ఇది లేకపోతే రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే పెట్టించండి, గృహప్రవేశం దాకా ఆగొద్దు.

ఇంకోటి, మీరే చేయగలిగింది. గూగుల్ ఎర్త్ తెరిచి, ఆ స్థలం పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూడండి. పదిహేనేళ్ళ క్రితం అక్కడ ఏముంది? చేను ఉందా, వాగు పోయేదా, చిన్న కుంట ఉందా? కుంట పూడ్చి ప్లాట్లు వేసిన చోట ఇల్లు ఎంత బాగా కట్టినా నీళ్ళు తమ పాత దారి వెతుక్కుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు, రీల్స్ చూసే టైములో అయిపోతుంది.

ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇంత చూస్తే ఏ ఇల్లూ కొనలేం కదా?" చూడు తమ్ముడూ, మన ఎదురుగా డ్యామ్ ఉంది. 124 మీటర్ల ఎత్తు రాతి కట్టడం, 1967 నుంచి నీళ్ళు వదులుతున్నారు. దాంట్లోంచి నీళ్ళు ఊరవా? ఊరతాయి. లోపల మనుషులు నడిచే సొరంగాలు పెట్టింది అందుకే, ఎక్కడ ఎంత ఊరుతోందో చూడటానికి. 2021లో వచ్చిన డ్యామ్ భద్రత చట్టం ప్రకారం ఏటా వానలకి ముందొకసారి, వానల తర్వాత ఒకసారి తనిఖీ చేయాలి. ఊట ఉందని డ్యామ్‌ని ఎవరూ వదిలేయలేదు కదా. ఇల్లు కూడా అంతే, ఏ లోపం లేని ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు. ఏ లోపం ఉందో, దానికి ఎంతవుతుందో తెలిసి కొనడం వేరు.

అలాగని తనిఖీ అంటే ఎక్స్‌రే కాదు. పునాది లోపల ఎన్ని ఊచలు వేశారో పైనుంచి ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. "గ్యారంటీ అన్నా, యాభై ఏళ్ళు ఢోకా లేదు" అని రాసిచ్చేవాడు దొరికితే, వాడికి నమస్కారం పెట్టి ఇంకొకరిని వెతుక్కోండి.

చివరగా, ఒక చెల్లెలు అడిగింది. "మేం ఆల్రెడీ కొనేశాం అన్నా, వచ్చే నెల గృహప్రవేశం. ఇప్పుడు చూపించి ఏం లాభం?" లాభం ఉందమ్మా. సామాన్లు దించక ముందు చూపించండి. ఖాళీ ఇల్లు ఉన్నంత నిజాయితీగా సామాన్లు సర్దిన ఇల్లు ఉండదు, బీరువా వెనక గోడ మళ్ళీ పదేళ్ళ దాకా కనపడదు. ప్రతి గోడా, ప్రతి పైకప్పూ ఫోటో తీసి తేదీతో దాచుకోండి. పగులు ఉంటే దాని రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి, వానలు వెళ్ళాక మళ్ళీ చూడండి. గీత దాటి వెళ్ళిందంటే నాకు ఫోటో పంపండి. రిపేరు ఏదైనా ఉంటే పెయింటు వేయకముందే, ఇంట్లో ఎవరూ లేనప్పుడే చేయించేసుకోండి. పాలు పొంగించాక దుమ్ము లేపడం మీ అత్తగారికి అస్సలు నచ్చదు.

గాలి ఇంకా పెరుగుతోంది, మైకు ఇక పనిచేయదు. ఉంటాను మరి.